చెప్పేవాళ్లం, రాసేవాళ్లం, దిద్దేవాళ్లం

ఆదివాసీ సాహిత్యం గురించి ఎక్కడ సభ జరిగినా రచయితల గురించే మాట్లాడుకుంటాం. ఎవరు రాశారు, ఏ తెగ, ఏ ఊరు, ఏ కష్టం రాశారు? ప్రశ్నలన్నీ ఇవే. రాసిన కాగితం అచ్చులోకి వెళ్లేముందు మధ్యలో ఇంకొకరి చేతిలో కొన్నాళ్లు ఉంటుందన్న సంగతి పెద్దగా ఎవరికీ గుర్తురాదు. ఆ చెయ్యి సంపాదకుడిది. ఏ మాట ఉండాలి, ఏ మాట పోవాలి, ఊరి పేరు ఎలా పడాలి, కథ ఎక్కడ మొదలవ్వాలి అన్నవి తేల్చేది ఆ చెయ్యే. మన గురించి వచ్చిన పుస్తకాలు చదివి "ఇది మా ఊరిలా లేదే" అని మన పెద్దలు అన్నప్పుడు, తప్పు ప్రతిసారీ రాసినవాడిదే కాకపోవచ్చు. దిద్దినవాడిది కూడా కావచ్చు.

ఒక పుస్తకం పుట్టడానికి మూడు పనులు కావాలి: చెప్పడం, రాయడం, దిద్దడం. మొదటి పని మనం ఎప్పటినుంచో చేస్తున్నాం. పాటలు, పురాణాలు, వంశకథలు, పొడుపు కథలు చెప్పీ చెప్పీ మన అవ్వలు, తాతలు వెళ్లిపోయారు. రెండో పని ఇప్పుడిప్పుడే మన పిల్లలు అందుకుంటున్నారు. మూడోది ఇంకా దాదాపు పూర్తిగా బయటివారి చేతుల్లోనే ఉంది. మూడోది మన చేతికి రాకపోతే మొదటి రెండూ సగం సగంగానే మిగులుతాయని మా నమ్మకం. దాన్ని నిరూపించడానికి కొందరి పనిని దగ్గరగా చూద్దాం.

సవర మాట, గిడుగు చెవి

ఆగస్టు 29 వచ్చిందంటే బడుల్లో తెలుగు భాషా దినోత్సవం జరుపుతాం. ఆ రోజు 1863లో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి గారి ఫోటోకు దండ వేస్తాం. వాడుక భాష కోసం పోరాడారని పిల్లలకు చెబుతాం. అదే మనిషి జీవితంలో ఎక్కువ కాలం సవరల భాష మీద పనిచేశారన్న మాట ఆ ఉపన్యాసాల్లో ఒక వాక్యంగా వచ్చి వెళ్లిపోతుంది. సవర పిల్లలున్న బడిలో కూడా అంతే. ఆ వాక్యాన్ని ఇక్కడ కొంచెం పొడిగించి చూద్దాం.

గిడుగు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. చుట్టుపక్కల కొండల నుంచి సంతకు దిగే సవరల మాట ఆయన చెవిన పడింది. ఆ మాట తెలుగుకు చుట్టం కాదు, ఒరియాకూ కాదు. అది ముండా భాషల కుటుంబానిది. తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆయన ఆ భాష నేర్చుకున్నారని జీవితచరిత్రలు చెబుతాయి. తర్వాత కొండల్లో తిరిగారు. పాటలు, కథలు రాసుకున్నారు. తెలుగు లిపిలో సవర వాచకాలు తయారు చేశారు. సవర పిల్లల కోసం బడులు పెట్టించి, వాళ్ల మాటలోనే పాఠం చెప్పించారు. 1931లో ఆయన రాసిన సవర భాషా వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. కుమారుడు సీతాపతి కూడా ఈ పనిలో తోడున్నారు. కొండల్లో తిరిగినప్పుడు పట్టిన మలేరియాకు క్వినైన్ వాడీ వాడీ ఆయనకు చెవుడు వచ్చిందని కూడా ఆయన గురించి రాసినవాళ్లు చెబుతారు. ఒక భాషను వింటూ, ఆ వినికిడినే పోగొట్టుకున్న మనిషి అన్నమాట.

ఈ పనిలో రచయిత, సంపాదకుడు ఇద్దరూ ఉన్నారు. నిఘంటువు కట్టడం అంటే రోజూ చేసే కూలి లాంటిది. ఒక మాట వినాలి, రాయాలి, ఇంకో ఊళ్లో ఇంకొకరిని అడగాలి, తేడా ఉంటే రెండూ రాయాలి, వాక్యంలో పెట్టి చూడాలి, మళ్లీ వినిపించి సరేనా అని అడగాలి. సవరలో గొంతులో చటుక్కున ఆగిపోయే ధ్వని ఒకటుంది. తెలుగు అక్షరాల్లో దానికి చోటు లేదు. చోటు లేదు కదా అని దాన్ని వదిలేస్తే మాట మారిపోతుంది. అందుకే ఆయన తన శాస్త్రగ్రంథాల్లో ధ్వనికి గుర్తులు పెట్టుకున్నారు. ఆ అక్షరం మన దగ్గర లేకపోవడం ఆ మాట తప్పు కాదు, మన అక్షరమాలకున్న హద్దు. సంపాదకుడికి ఉండాల్సిన మొదటి వినయం ఇది.

ఇంత మెచ్చుకున్నాక అడగాల్సింది కూడా అడగాలి. ఆ నిఘంటువులో ప్రతి మాట వెనకా ఒక సవర నోరు ఉంది. ఆ నోళ్ల పేర్లు మన పిల్లల పాఠాల్లో ఎక్కడున్నాయి? ఇంట్లో ఉండి భాష నేర్పిన మనిషి మన ఉపన్యాసాల్లో "ఒక సవర" అయిపోయాడు. నేర్చుకున్నవారికి దినోత్సవం వచ్చింది, నేర్పినవారికి పేరు కూడా మిగల్లేదు. గిడుగు గారిని చిన్నబుచ్చడానికి ఈ మాట అనడం లేదు. ఆయన కాలంలో అంతకన్నా ఎక్కువ చేసినవారు మాకు కనిపించరు. అయినా ఆయన పద్ధతిలో చెప్పేవాడు ఒకడు, రాసేవాడు, దిద్దేవాడు ఇంకొకడు. పుస్తకం గురించి చివరి మాట కొండ కిందనే తేలింది. ఈ అమరికను మనం గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే నూరేళ్లు దాటినా అది పెద్దగా మారలేదు.

వాడుక భాష ఎవరి వాడుక?

గిడుగు గారి రెండో పోరాటం తెలుగు కోసం. పుస్తకాల్లో గ్రాంథికం తప్ప ఇంకేదీ రాయకూడదన్న పండితులతో ఆయన ఏళ్ల తరబడి వాదించారు. ఆ వాదం కోసమే 1919లో 'తెలుగు' అనే మాసపత్రిక నడిపారు. పెద్ద పెద్ద కవుల రాతల్లోంచే వాడుక రూపాలు ఏరి చూపించి, "మీరు తప్పంటున్నది మీ పూర్వులు రాసిందే" అని నిలదీశారు. సవర పిల్లవాడికి వాడి నోటిమాటలో పాఠం చెప్పాలన్న బుద్ధీ, తెలుగు పిల్లవాడికి వాడి నోటిమాటలో పాఠం చెప్పాలన్న బుద్ధీ రెండూ ఒకే చెట్టు కొమ్మలని మేము చదువుకుంటాం. తెలుగువాళ్లు ఇవాళ రాస్తున్న వచనానికి సవర కొండల బాకీ కొంత ఉంది.

ఆ పోరాటం గెలిచింది. కానీ గెలిచిన వాడుక ఎవరిది? చదువుకున్నవారి వాడుక. దానికి 'శిష్ట వ్యావహారికం' అని పేరు కూడా పెట్టారు. శిష్టులు అన్న మాటలోనే మనం లేము. పత్రికలు, పాఠ్యపుస్తకాలు, పరీక్ష పేపర్లు ఆ భాషను పట్టుకున్నాయి. ఉత్తరాంధ్ర, తెలంగాణ, రాయలసీమ రచయితలు తమ యాసల కోసం మళ్లీ పోరాడాల్సి వచ్చింది. మన పిల్లల సంగతి ఇంకా కష్టం. ఇంట్లో కోయ, కువి, కొలామీ, గోండి, సవర మాట్లాడి, సంతలో ఒక తెలుగు నేర్చుకుని, బడిలో ఇంకో తెలుగు వింటారు. వాళ్లు రాసే తెలుగులో ఈ మూడూ కలిసి ఉంటాయి. సారు ఎర్ర పెన్నుతో రెండింటిని కొట్టేస్తారు. మిగిలిన మూడో వంతులో పిల్లవాడు లేడు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి ఎనిమిది భాషల్లో మాతృభాషా బోధన మొదలైంది. కోయ, గోండి, కొలామీ, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా, బంజారా భాషల్లో తెలుగు లిపితో వాచకాలు వచ్చాయి. మన ఉపాధ్యాయులే కూర్చుని పాటలు, కథలు సమకూర్చారు. మనవాళ్లు సంపాదకుల పీట మీద కూర్చున్న పెద్ద సందర్భాల్లో అదొకటి. ఆ పనిలో పాల్గొన్న ఉపాధ్యాయులు మన జిల్లాల్లో ఇంకా ఉన్నారు. ఏ మాట ఎందుకు పెట్టారు, ఏ ఊరి పలుకుబడిని ఎందుకు ఎంచుకున్నారు అన్న అనుభవమంతా వాళ్ల దగ్గరుంది. అది అచ్చులోకి రావాలి. రాకపోతే రేపు ఇంకొకరు మొదటి అక్షరం దగ్గరే మళ్లీ మొదలుపెట్టాలి.

రిక్షా తొక్కేవాడిని రాయమన్న సంపాదకురాలు

ఇప్పుడు బెంగాల్‌కు వెళ్దాం. మహాశ్వేతాదేవి పేరు మన యువతకు కొత్త కాదు. బిర్సా ముండా ఉల్‌గులాన్ మీద ఆమె రాసిన 'అరణ్యేర్ అధికార్' నవలకు 1979లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆమెను రచయిత్రిగా చాలామంది చదివారు. సంపాదకురాలిగా చేసిన పని తక్కువమందికి తెలుసు. తండ్రి మనీశ్ ఘటక్ నడిపిన 'బర్తిక' అనే చిన్న పత్రికను ఆయన తర్వాత 1980లో ఆమె చేతిలోకి తీసుకున్నారు. అప్పటిదాకా సాహిత్య పత్రికగా ఉన్న దాన్ని ఆదివాసులు, వ్యవసాయ కూలీలు, ఫ్యాక్టరీ కార్మికులు, రిక్షా తొక్కేవాళ్లు తమ సంగతి తామే రాసే చోటుగా మార్చారు.

ఆ పత్రికకు సంబంధించి బాగా తెలిసిన కథ మనోరంజన్ వ్యాపారిది. ఆయన ఆదివాసీ కాదు, తూర్పు బెంగాల్ నుంచి కాందిశీకుడిగా వచ్చిన దళితుడు. చదువు జైల్లో నేర్చుకున్నాడు. బయటికొచ్చి జాదవ్‌పూర్‌లో రిక్షా తొక్కుతూ, సవారీ లేనప్పుడు పుస్తకాలు చదివేవాడు. ఒకనాడు పుస్తకంలో 'జిజీవిష' అన్న మాట తగిలింది. అర్థం తెలియలేదు. రిక్షా ఎక్కిన ఒక టీచరమ్మను అడిగాడు. బతకాలన్న కోరిక అని ఆమె చెప్పింది. ఆమె మహాశ్వేత. మాటా మాటా కలిశాక, నీ సంగతి నువ్వే రాయి, నా పత్రికలో వేస్తాను అని ఆమె అంది. 1981లో రిక్షా తొక్కే బతుకు మీద ఆయన రాసింది 'బర్తిక'లో వచ్చింది. తర్వాత ఆయన నవలలు, ఆత్మకథ రాసి పేరున్న రచయిత అయ్యాడు. 2021లో శాసనసభ్యుడు కూడా అయ్యాడు.

ఈ కథను మన సభల్లో చెబితే అందరూ చప్పట్లు కొడతారు, ఆమె గొప్ప మనసు గురించి మాట్లాడతారు. గొప్ప మనసే. కానీ మనకు పనికొచ్చేది ఆమె మనసు కన్నా ఆమె పద్ధతి. ఆ రోజు రిక్షా అబ్బాయి బతుకు విని ఇంటికెళ్లి ఆమే ఒక కథ రాసుకోవచ్చు. చెయ్యి తిరిగిన రచయిత్రి, అప్పటికే అకాడమీ బహుమతి పొందినామె. చక్కని కథ అయ్యేది. ఆమె అలా చేయలేదు. వినడం దగ్గర ఆగి, కలం అతని చేతికిచ్చింది. రచయితకు ఇది కష్టమైన త్యాగం. ముడిసరుకు తన చేతిలో ఉన్నా వదిలెయ్యాలి. రచయితా సంపాదకుడూ ఒకే మనిషిలో ఉన్నప్పుడు, ఎప్పుడు రాయాలో ఎప్పుడు రాయించాలో తేల్చుకోవడమే అన్నిటికన్నా పెద్ద పని. గిడుగు గారి కాలంలో 'చెప్పేవాడు'గా ఉండిపోయిన మనిషి ఇక్కడ 'రాసేవాడు' అయ్యాడు. ఇది ముందడుగు.

అయినా 'బర్తిక' బెంగాలీ పత్రిక. దానిలో రాసిన సంతాలు, ముండా, లోధా ఎవరైనా తన భాష వదిలి బెంగాలీలోకి రావాలి. చివరి ప్రూఫు ఆమె బల్ల మీదే ఉండేది. మూడో పని ఇంకా చేతులు మారలేదు.

అక్షరం దగ్గర్నుంచి తమదే

మూడో పని చేతులు మారితే ఎలా ఉంటుందో సంతాలీ చూపిస్తుంది. మయూర్‌భంజ్ ప్రాంతపు పండిత్ రఘునాథ్ ముర్ము 1925లో ఒల్ చికి లిపి తయారు చేశారు. అంతటితో ఆగలేదు. ఆ లిపిలో వాచకాలు రాశారు, నాటకాలు రాశారు, అచ్చు వేయించారు, ఊరూరా తిరిగి నేర్పారు. రచయిత, సంపాదకుడు, ప్రచురణకర్త, బడిపంతులు అన్నీ ఆయనే. 2003లో రాజ్యాంగం 92వ సవరణతో సంతాలీ ఎనిమిదో షెడ్యూలులో చేరింది. ఆ షెడ్యూలుకు ఎక్కాలంటే పాటలు, కథలు ఎన్ని ఉన్నా చాలదు. చదివేవాళ్లు, రాసేవాళ్లు, పత్రికలు నడిపేవాళ్లు, వాళ్ల వెనక ఉద్యమం ఉండాలి.

మన పక్కనే చూసినా ఇలాంటివి ఉన్నాయి. 1936లో ఒరిస్సా వేరు రాష్ట్రమై, పర్లాకిమిడి అందులో చేరిపోయిందని గిడుగు గారు ఆ ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. సరిగ్గా అదే ఏడాది ఒరిస్సా కొండల్లో మంగేయి గోమాంగో సవర భాషకు 'సొరాంగ్ సొంపెంగ్' లిపి తయారు చేశారు. ఒకరు దిగిపోతున్నప్పుడు అక్కడివారే ఇంకొకరు లేచారు. గోండికి 1918లో మున్షీ మంగల్ సింగ్ మసారాం ఒక లిపి చేశారు. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్లో గోండి రాతప్రతులు 2006లో బయటి లోకం కంటపడ్డాయి. ఆ గుంజాల లిపి 2018లో యూనికోడ్‌లోకి కూడా వచ్చింది. "మీ భాషలకు లిపి లేదు కదా" అని ఎవరైనా అంటే మన యువత ఈ సంగతులు చెప్పాలి.

ఇంతా చెప్పి, గోండి ఇప్పటికీ షెడ్యూలులో లేదు. 2011 జనాభా లెక్కల్లో గోండి మాట్లాడేవారు 29 లక్షలకు పైనే. వాళ్లు మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, తెలంగాణ రాష్ట్రాల్లో చెల్లాచెదురుగా ఉన్నారు. ఒక చోట దేవనాగరి, ఒక చోట తెలుగు అక్షరాలు, ఇంకో చోట సొంత లిపి. సంఖ్య ఎక్కువైనా అచ్చు ఒక్కచోటికి రాలేదు. సంపాదకత్వం ఎంత పెద్ద పనో ఇక్కడ తెలుస్తుంది.

ఒక వాక్యం, రెండు చేతులు

ఇక మన బల్ల మీదికి వద్దాం. ఉదాహరణకు ఇంటర్ చదివే ఒక అమ్మాయి ఇలా రాసిందనుకుందాం: "మా అవ్వ ఇప్పచెట్టు కింద కూసోని అంబలి తాగతా, ఈ యేడు పువ్వు రాల్లేదే, చెట్టుకు కూడా మన మీద కోపమొచ్చిందా అంది." దీన్ని పట్నపు పద్ధతిలో దిద్దితే ఇలా అవుతుంది: "ఈ సంవత్సరం ఇప్పపువ్వు దిగుబడి గణనీయంగా తగ్గిందని ఒక వృద్ధ గిరిజన మహిళ ఆవేదన వ్యక్తం చేశారు." అక్షరదోషం ఒక్కటి లేదు. వ్యాకరణం బాగుంది. అవ్వ మాత్రం పోయింది. చెట్టుతో ఆమెకున్న చుట్టరికం పోయింది. అవ్వ అడిగిన ప్రశ్న వార్త అయిపోయింది.

ఇలా దిద్దేవారికి చెడు ఉద్దేశం ఉంటుందని మేము అనం. వాళ్లకు తెలిసిన తెలుగులోకి తెస్తున్నామనే అనుకుంటారు. అయితే ఆ అలవాటు మన పిల్లల్లోకి కూడా దిగింది. మాకు వచ్చే వ్యాసాల్లో ఎక్కువగా కనిపించే దోషం అక్షరదోషం కాదు, 'వారు' అన్న మాట. సొంత ఊరి గురించి రాస్తూ "గిరిజనులు ఈ పండుగను ఘనంగా జరుపుకుంటారు. వారి ఆచారాలు విశిష్టమైనవి" అని రాస్తారు. అమ్మా, ఆ 'వారు' ఎవరు? నువ్వే కదా, మీ అమ్మే కదా! తెలుగులో 'మేము', 'మనం' అని రెండు మాటలున్నాయి. ఎదుటివాడిని వదిలి చెప్పేది ఒకటి, కలుపుకుని చెప్పేది ఒకటి. ఈ రెండూ ఉండగా 'వారు' దగ్గరికి పోవడమంటే సొంత ఇంట్లోకి కిటికీలోంచి తొంగిచూడటమే. మేము దిద్దేటప్పుడు మొదట వెతికేది ఈ మాటనే.

రెండోది, అర్థం తెలియకుండా మార్చే మాట. కోయల్లో 'గట్టు' అంటే వంశాల కూటమి. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అని ఉంటాయి. ఒకే గట్టువాళ్లు అన్నదమ్ముల వరస కనుక పెళ్లి కుదరదు. తెలుగులో గట్టంటే చేనుగట్టు, చెరువుగట్టు. "మా ఇద్దరిదీ ఐదో గట్టే, అందుకే ఆ మాట పైకి రాలేదు" అని కథలో ఉంటే, తెలియని సంపాదకుడు అది పొలం సరిహద్దు అనుకుంటాడు, లేదా 'గోత్రం' అని మార్చేస్తాడు. ఒక్క మాట మారిస్తే కథలో ప్రేమ ఎందుకు ఆగిపోయిందో పాఠకుడికి అర్థం కాదు. గోండుల 'సగ' సంగతీ ఇంతే.

మూడోది పేర్లు. జోడేఘాట్ వీరుడి ఇంటిపేరు ఒకచోట కొమురం, ఒకచోట కుమ్రం, ఇంకోచోట కుమురం అని పడుతోంది. అది గోండుల ఇంటిపేరు, ఆ ఇంటివాళ్లు ఇప్పటికీ మన మధ్య ఉన్నారు. వాళ్లు ఎలా పలుకుతారో అలా రాయడం కష్టమేమీ కాదు. గోండు అన్న పేరే బయటివారు పిలిచింది. తమను తాము కోయతూర్ అనుకుంటారు. కొలాములు తమను కొలావర్ అంటారు. అందరినీ 'గిరిజనులు' అనే ఒక్క గంపలో పోసే ముందు, రచయిత తన జనాన్ని ఏ పేరుతో పిలుచుకున్నాడో చూడాలి.

నాలుగోది కొటేషన్ గుర్తులు, కింద అర్థాలు. మన మాట కనబడగానే దాని చుట్టూ గుర్తులు పెట్టి, పేజీ అడుగున అర్థం రాయడం అలవాటైంది. 'రైలు', 'కలెక్టరు', 'ఫోను' అన్న మాటలకు ఎవరూ అర్థం రాయరు. ఆ మాటలు కూడా ఒకప్పుడు బయటినుంచి వచ్చినవే. తుడుం, కిక్రి, పేన్ లాంటి మాటలకు వాక్యంలోనే వెలుగు పడేలా రాయొచ్చు. "కిక్రి తీగ మీద కమాను ఆడింది, ప్రధాన్ గొంతు ఎత్తాడు" అంటే అది వాయించే వాద్యమని ఎవరికీ చెప్పక్కర్లేదు. రమేశ్ కార్తీక్ నాయక్ తన బంజారా కథల పుస్తకానికి 'ఢావ్లో' అని తన భాష మాటనే పేరుగా పెట్టుకున్నారు. దానికి 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. పేరు అర్థం కాలేదని పాఠకులు పుస్తకం పక్కన పెట్టలేదు.

ముట్టుకోకపోవడం కూడా తప్పే

ఇంతవరకు చెప్పింది విని, ఆదివాసీ రాసింది ఏదైనా అక్షరం మార్చకుండా వెయ్యాలని ఎవరైనా అనుకుంటే అదీ సరికాదు. అందులో ఒక చిన్నచూపు దాగి ఉంది. "పాపం, వాళ్లు రాయడమే గొప్ప" అని భుజం తట్టి, అచ్చు వేసి, పక్కకు పెట్టేయడం. ముందుమాటలో పొగడ్త, తర్వాత మౌనం. ఇంకో కులం రచయిత కథలో పదిసార్లు దిద్దించే సంపాదకుడు మన కథను ఒక్కసారి కూడా చదవకుండా వేస్తే, అది గౌరవం కాదు. మన రచయితకు కూడా గట్టి విమర్శ అందాలి. అది అతని హక్కు.

మరి ఏం దిద్దాలి? కథలో పనిలేని ఉపన్యాసం ఉంటే తీయించాలి. భూమి పండగ గురించి రెండు పేజీల సమాచారం పోసి, ఆ రోజు ఆ ఇంట్లో ఏం జరిగిందో చెప్పకపోతే అడగాలి. అన్ని కథల్లో ఫారెస్టు గార్డు దుర్మార్గుడు, సావుకారు దొంగ, మనవాళ్లందరూ అమాయకులు అయితే, మన ఊళ్లో తాగి భార్యను కొట్టే మగవాడు లేడా అని అడగాలి. తేదీలు, పేర్లు, చట్టాలు సరిచూడాలి. 'పోడు ఆక్రమణ' అని రాస్తే ఆపాలి. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చింది ఆ సాగును హక్కుగా గుర్తించడానికే అన్నది రచయితకు గుర్తుచేయాలి. ఒకే మాట నాలుగు రకాలుగా పడితే రచయితనే అడిగి ఒకటి తేల్చాలి. ఇవన్నీ చేసినా మాట తీరు, వాక్యం నడక రచయితవే ఉండాలి. చేనులో కలుపు తీసేవాడు పైరు పీకడు కదా.

అచ్చు వేయకూడనివి కూడా ఉంటాయి. కొన్ని పాటలు కొలుపులోనే పాడతారు, కొన్ని మాటలు పేన్ ముందే పలుకుతారు. గోండుల పురాణాలు పాడే హక్కు ప్రధానులది, తోటిలది. కోయల వంశకథలు డోలి కళాకారులవి. ఆ కళలో సకిని రామచంద్రయ్య గారు 2022లో పద్మశ్రీ అందుకున్నారు. ఇలాంటి పాట ఎవరైనా రాసుకొస్తే మేము మొదట అడిగేది మూడు మాటలు: ఎవరు పాడారు? అచ్చు వేస్తామని వాళ్లకు చెప్పావా? వాళ్ల పేరు ఎక్కడ రాశావు? సేకరించినవారి పేరు అట్ట మీద, పాడినవారి పేరు ఎక్కడా లేకుండా వచ్చే పుస్తకం ఎంత మంచి కాగితం మీద పడినా మాకు నచ్చదు. 'ఒక సవర' అన్న పాత అన్యాయాన్ని మన చేతులతో మళ్లీ చేయడమే అది.

బల్ల మీద పని

ఈ పనికి పెద్ద ఆఫీసు అక్కర్లేదు. మా సంకలనాలకు వచ్చేవి నోటుపుస్తకం కాగితాలు, ఫోనులో టైపు చేసిన మెసేజీలు, కొన్నిసార్లు గొంతు రికార్డులు. పొద్దున బడి, సాయంత్రం చేను, రాత్రి కరెంటు ఉంటే చదువు. మాలో ఒకరు పైకి చదువుతారు, మిగతావాళ్లు వింటారు. కంటితో చూస్తే కనబడని తడబాటు చెవికి దొరుకుతుంది. సందేహం ఉన్న మాట పక్కన చిన్న గీత పెడతాం, కొట్టెయ్యం. తర్వాత రచయితకు ఫోను చేస్తాం. సిగ్నలు అందే కొండ మీదికి ఆ పిల్ల ఎప్పుడు వస్తుందో ఆ టైముకే చేయాలి. "ఈ మాట మీ ఊళ్లో ఇలాగే అంటారా? అవ్వను అడిగి చెప్పు" అంటాం. అవ్వ చెప్పిందే ఉంటుంది. దిద్దిన ప్రతి రచయితకు చూపించకుండా అచ్చుకు పంపం. ఇందుకు పదిహేను రోజులు ఎక్కువ పడుతుంది. పట్టనివ్వండి.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. ఆశ్రమ పాఠశాలలో గోడపత్రిక పెట్టండి. చార్టు కాగితం, జిగురు, స్కెచ్ పెన్నులు చాలు. రాసేవాళ్లను మాత్రమే ఎంచుకోకండి, నెలకు ఇద్దరు పిల్లలను సంపాదకులుగా పెట్టండి. తోటి పిల్లవాడు రాసింది ఎలా అడగాలి, ఎలా దిద్దాలి, ఏది వదిలేయాలి అన్నది వాళ్లే నేర్చుకుంటారు. ఎర్ర పెన్ను కొన్నాళ్లు జేబులో పెట్టుకోండి. పిల్లవాడి వాక్యంలో ఇంటి భాష మాట వస్తే, దాని కింద గీత గీయడానికి బదులు "ఇది మీ ఊళ్లో ఎప్పుడు వాడతారు?" అని పక్కన రాయండి. ఆ ప్రశ్నకు జవాబు రాస్తే అదే ఒక వ్యాసమవుతుంది.

యువతకు కూడా ఒక మాట. రాయాలన్న ఉత్సాహం మీలో చాలామందికి ఉంది, సంతోషం. మీలో కొందరు రాయడం కన్నా చదవడం ఇష్టమైనవాళ్లు ఉంటారు. ఇంకొకరి కథలో ఎక్కడ ఊపిరి ఆగిందో పట్టుకోగలిగే చెవి ఉన్నవాళ్లు, ఓపిక ఉన్నవాళ్లు, అట్ట మీద పేరు పడకపోయినా బాధపడనివాళ్లు ఉంటారు. మాకు ఇప్పుడు కావాల్సింది వాళ్లే. నిఘంటువు చూడటం, ప్రూఫు దిద్దటం, యూనికోడ్‌లో టైపు చేయడం, పేజీ కట్టడం, పాడినవారి పేరు రాసుకోవడం, ప్రెస్సువాడితో బేరం ఆడటం, ఇవన్నీ నేర్చుకుంటే వచ్చే పనులే. మన అవ్వలు చెప్పారు, మన పిల్లలు రాస్తున్నారు. అచ్చుకు వెళ్లే ముందు చివరిగా చదివే చెయ్యి కూడా మనదే కావాలి. మీ ఊళ్లో అలాంటి ఒక్కరిని గుర్తుపట్టి, రాసిన కాగితాలతో పాటు వాళ్ల పేరు కూడా మాకు పంపండి.